భూగర్భ జలపు తొట్టికి నేలను సిద్ధపరచుట
(సెంటినరీ కాలనీ చుట్టుపట్ల గ్రామముల పట్టాదారు రైతులకు ఉపన్యాసము)



నూరు చదరపు మీటర్ల యింటికప్పుపై 10 మిల్లీమీటర్ల వాన కురిసినచో 1,000 లీటర్ల నీరు లభించును. అట్టి నీటిని నేలలోపల నిలువచేయు యత్నము మెచ్చదగినదే. అయినను మంచి సిమెంటుతో కట్టిన తొట్టి సైతము, క్రింది నేల చెడ్డదైనచో పగులక మానదు. ఆ పగులు నేలక్రింద నుండుటచే, నీరంతయు పోయిన పిమ్మటగాని యజమానునికి తెలియదు.

ఈ ప్రాంతమున మొదట విచారింపవలసినది మన్ను కాదు, గని. 1889లో ఇల్లెందువద్ద మొదలైన బొగ్గు త్రవ్వకపు నూరేండ్ల పేరుతో వెలసిన యీ కాలనీకి చేరువనే అడ్రియాల లాంగ్‌వాల్ గని యున్నది. అట్టి గనిలో బొగ్గును వరుసగా కోసికొనుచు పోవుకొలది వెనుకటి పైకప్పు కూలును. దానితో పైనేల క్రుంగి పగుళ్లు బారవచ్చును. క్రుంగు నేలలో ఎట్టి కట్టడమును నిలువదు. కావున గుంతకు ముగ్గు పోయకముందే తమ సర్వే నంబరు క్రింద త్రవ్వకము జరిగినదా, జరుగబోవునా యని సింగరేణి సంస్థవారిని వ్రాతమూలముగా నడిగి, వ్రాతమూలముగానే ప్రత్యుత్తరము పొందవలయును. నోటిమాటతో తృప్తిపడరాదు.

పిదప స్థలము. పశువుల కొట్టమునకును, మరుగుదొడ్డి గుంతకును 50 అడుగులకు తక్కువ దూరమున తొట్టి నుంచరాదు. మఱ్ఱి, రావి, వేప వంటి చెట్ల వేళ్లు గోడలను చీల్చును.

నిర్ణయించిన లోతుకంటె రెండడుగులు మించి ఒక చిన్న గుంత త్రవ్వి మన్ను పరీక్షింపవలయును. మొరము తగిలినచో అదృష్టమే. రేగడియైనచో అది వానకు ఉబ్బి, ఎండకు నెఱ్ఱెలు వాఱును. ఆ ఉబ్బుడు తొట్టి అడుగును పైకెత్తి విఱుచును. అట్టిచోట మరి రెండు మూడడుగుల రేగడిని తీసివైచి, మొరమును ఆరంగుళముల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిపరచవలయును. త్రవ్విన రేగడినే మరల పోయుట పొదుపు కాదు.

8 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, 7 అడుగుల యెత్తు గల తొట్టికి, చుట్టును రెండేసి యడుగుల చోటును, క్రింద నొక యడుగు పరుపును విడిచినచో, నిలువుగా త్రవ్వినను 1,056 ఘనపుటడుగుల మన్ను వెడలును. దాని బరువు 45 టన్నులకు తక్కువ కాదు. ఆ మన్నును గట్టుననే పోయుట కూలివాండ్రకు సుకరమేగాని, గోడ విఱిగి పడినచో లోపలివాని ప్రాణము పోవును. నడుమువఱకు పూడినవానిని సైతము లాగి తీయుట కష్టము. మన్నును అంచునుండి అయిదడుగులకు ఆవల పోయింపవలెను. అయిదడుగుల లోతు దాటిన గుంతకు పలకలు, అడ్డుదూలములు బిగింపవలెను. లేదా దుబ్బనేలలో అడుగు లోతుకు అడుగున్నర చొప్పున వాలు తీయవలెను. కూలి ఖర్చు పెరుగునని సణుగు యజమానుడు ముందుగా తానే ఆ గుంతలో దిగి నిలిచి చూచుట మంచిది.

త్రవ్వకమునకు వేసవి తగినది. మృగశిర కార్తెకు ముందే పని ముగియవలయును. అయితే వేసవిలో గుంత పొడిగా నున్నదని మోసపోరాదు. ఆశ్వయుజమున సమీపపు బావిలో నీరెంత యెత్తున నిలుచునో కొలుచుకొనవలెను. పైజెప్పిన తొట్టి చుట్టు నీరు అంచువఱకు లేచినచో, దానిని ఇంచుమించు 11 టన్నుల బలముతో పైకి నెట్టును. తేలిక ప్లాస్టిక్కు తొట్టి ఖాళీగా నున్నచో, పడవవలె తేలి గొట్టములను త్రెంచుకొనును. అట్టిచోట కాంక్రీటు దిమ్మెకు కట్టివేయుటయో, తొట్టి నేలపైన నుంచుటయో యుచితము.

అడుగుభాగమున రాళ్లు, వేళ్లు ఏరివైచి, నీటిగొట్టముతో నాలుగు మూలల మట్టము సరిచూడవలయును. ప్లాస్టిక్కు తొట్టిని దింపిన వెంటనే మన్ను కప్పరాదు. లోపల ఒక యడుగు నీరు నింపి, వెలుపల ఒక యడుగు ఇసుక నాలుగువైపుల సమముగా పోసి గట్టిపరచి, మరల అట్లే అడుగడుగునకు పైకి రావలయును. కాంక్రీటు తొట్టికైనచో మన్ను కప్పకముందే నింపి, నీటిమట్టమునకు గుర్తు పెట్టి, మరునాడు చూచుకొనవలెను.