బ్రాండు పేరు లేని కార్బన్ ఫ్రేముతో మౌంటెన్ బైకు కూర్పు

ఇక్కడ కూర్చబోయేది రెండు చక్రాలకూ సస్పెన్షన్ ఉండే, అంటే ఫుల్ సస్పెన్షన్ రకానికి చెందిన కార్బన్ ఫ్రేము. దానిమీద ఏ కంపెనీ పేరూ లేదు. చైనాలోని షియామెన్, షెన్‌జెన్ వంటి నగరాల కర్మాగారాలు ఒకే అచ్చులో తీసిన ఫ్రేమును పలువురు వ్యాపారులకు అమ్ముతాయి కనుక ఇటువంటివాటిని ఓపెన్ మౌల్డ్ ఫ్రేములు అంటారు. పేరున్న కంపెనీ ఫ్రేముతోపాటు పరీక్షలు, విడిభాగాల సరఫరా, ఏ భాగం దేనికి నప్పుతుందో చూసి ఇచ్చే పూచీ కూడా వస్తాయి; పేరులేని ఫ్రేముల ధర అంతగా తగ్గడానికి ప్రధాన కారణం అవి లేకపోవడమే. ఆ పని అంతా కూర్చేవారి మీదే పడుతుంది కాబట్టి, మిగిలిన డబ్బులో కొంత కొలతలకూ పనిముట్లకూ కేటాయించని కూర్పు చవక అనిపించుకోదు.

ఇటువంటి కార్బన్ ఫ్రేమును సాధారణంగా లోహపు గొట్టాల మాదిరిగా అతికించి చేయరు. రెసిన్ అనే జిగురు ముందుగానే పట్టించిన కార్బన్ నార పట్టీలను ముక్కలుగా కోసి, ఏ దిశలో బలం కావాలో నార ఆ దిశలో సాగేలా పొరమీద పొర పేర్చి, లోపల గాలితిత్తి ఉంచి అచ్చు మూసి వేడిచేస్తే, ఉబ్బిన తిత్తి పొరలను అచ్చు గోడకు అదిమిపెడుతుండగా రెసిన్ గట్టిపడుతుంది. అమ్మకందార్లు ఘనంగా చెప్పే టీ700, టీ800 అనేవి జపాన్‌కు చెందిన టోరే కంపెనీ నార రకాలు; అవి నార బలాన్ని సూచిస్తాయే గాని, దాన్ని ఎంత శ్రద్ధగా పేర్చారో చెప్పవు. అందువల్ల సైకిళ్ల భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 4210 ప్రమాణం ప్రకారం ఆ నమూనానే పరీక్షించిన నివేదిక ఉందేమో కొనేముందే అడగడం మేలు. ఫ్రేము చేతికి వచ్చాక, ఒక్క భాగం కూడా బిగించకముందే, హ్యాండిల్ కూర్చునే హెడ్ ట్యూబులోకి టార్చి వేసి ముడతలు, రెసిన్ గడ్డలు ఉన్నాయేమో చూడాలి. ఆపైన నాణెంతో కుడిఎడమల ఒకే చోట తట్టి చప్పుడు పోల్చాలి, ఎందుకంటే పొరలు విడిన చోట శబ్దం కంగుమనకుండా మొద్దుబారి వినిపిస్తుంది.

భాగాలు కొనే ముందు కొలతలన్నీ కాగితం మీద ఉండాలి. ఇక్కడి ఫ్రేముకు వెనుక హబ్ 148 మిల్లీమీటర్ల వెడల్పున్న బూస్ట్ రకం, యాక్సిల్ 12 మిల్లీమీటర్లు, క్రాంకు తిరిగే బాటమ్ బ్రాకెట్ 73 మిల్లీమీటర్ల మరల రకం. గేర్లు మార్చే డెరైలర్‌ను మోసే చిన్న లోహపు ముక్కను హ్యాంగర్ అంటారు. దెబ్బ తగిలితే ముందు వంగేది అదే. స్రామ్ సంస్థ 2019లో తెచ్చిన యూడీహెచ్ అనే ఉమ్మడి హ్యాంగర్ పట్టే ఫ్రేమును ఎంచుకుంటే, అమ్మిన వ్యాపారి కనబడకుండా పోయినా ఆ ముక్క దొరుకుతుంది.

ఎక్కువ జాగ్రత్త కోరేది వెనుక షాక్. దానిమీద 210×55 అని ఉంటే, రెండు చివరల రంధ్రాల మధ్య దూరం 210 మిల్లీమీటర్లు, లోపలికి నొక్కుకునే దూరం 55 మిల్లీమీటర్లు అని అర్థం. వెనుక చక్రం 150 మిల్లీమీటర్లు కదిలే ఫ్రేములో షాక్ 55 మాత్రమే కదులుతుంది కాబట్టి, ఆ నిష్పత్తి దాదాపు 2.7, షాక్ పొరపాటున 2 మిల్లీమీటర్లు ఎక్కువ నొక్కుకుంటే చక్రం 5 మిల్లీమీటర్లకు మించి పైకి లేస్తుంది, టైరు సీటు గొట్టాన్ని రాయడానికి అంత చాలు. దీన్ని కంటితో తేల్చుకోవడానికి షాక్‌లోని గాలిని నెమ్మదిగా తీసి, చక్రం బిగించి, ఫ్రేమును చివరిదాకా కిందికి నొక్కి, టైరుకూ సీటు గొట్టానికీ మధ్య వేలు దూరుతుందో లేదో చూడాలి. చాలా ఫ్రేముల్లో సస్పెన్షన్ నొక్కుకున్నకొద్దీ బాటమ్ బ్రాకెట్‌కూ వెనుక యాక్సిల్‌కూ దూరం పెరుగుతుంది కనుక, చైను పొడవును కూడా ఆ దూరం అత్యధికంగా ఉన్న స్థితిలోనే, పెద్ద పళ్లచక్రాల మీదుగా కొలవాలి. షాక్ పూర్తిగా సాగి ఉన్నప్పుడు కొలిచి కోసిన చైను తొలి పెద్ద గుంతలోనే డెరైలర్‌ను లాగి విరిచే ప్రమాదం ఉంది.

వెనుక భాగం కదిలే కీళ్లను పివట్లు అంటారు. హబ్‌లోని బేరింగు గిరగిర తిరుగుతుంది, పివట్‌లోనిది కొద్ది డిగ్రీలే అటూఇటూ ఊగుతుంది. అందుచేత భారం ఎప్పుడూ బేరింగులోని అవే గుండ్ల మీద, అదే చోట పడి గుంటలు చేస్తుంది. గుండ్లను విడదీసే పంజరం తీసేసి, వలయం నిండా గుండ్లు నింపిన బేరింగులు ఈ పనికి అనువైనవి. ఫ్రేముతో వచ్చిన బేరింగు అంచున 6902 వంటి అంకె ఉంటే, దాని లోపలి వ్యాసం 15, బయటి వ్యాసం 28, మందం 7 మిల్లీమీటర్లు అని తెలుస్తుంది. ఆ అంకె చూపితే మామూలు బేరింగుల దుకాణం కూడా సరైన సైజు ఇవ్వగలదు, ఇదెంతో ఊరట కలిగించే విషయం.

బిగించే బలాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. హ్యాండిల్ స్టెమ్ బోల్టులకు సాధారణంగా రాసి ఉండే 5 న్యూటన్ మీటర్లు అంటే, 10 సెంటీమీటర్ల ఎలెన్ కీ చివర సుమారు 5 కిలోల బరువు వేలాడదీసినంత బలం; బలమైన చేయి దానికి రెట్టింపు తెలియకుండానే ఇచ్చేయగలదు, అప్పుడు కార్బన్ వంగి హెచ్చరించదు, పగులుతుంది. అందుకే బిగింపును కొలిచే టార్క్ రెంచి లేకుండా ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది. సీటు గొట్టంలో గ్రీజుకు బదులు సన్నటి ఇసుకలాంటి రేణువులుండే కార్బన్ పేస్టు పూస్తే, తక్కువ బిగింపుతోనే సీటు పోస్టు జారకుండా నిలుస్తుంది. పివట్ బోల్టుల మరలకు మాత్రం, అదురుకు వదులు కాకుండా, నీలిరంగు థ్రెడ్ లాకర్ ఒక చుక్క వేయాలి.

బిగింపు పూర్తయ్యాక ప్రతి పివట్ బోల్టు తలమీదుగా ఫ్రేము మీదికి పెయింట్ పెన్నుతో ఒక సన్నటి గీత గీయాలి. మొదటి కొన్ని సవారీల తర్వాత బోల్టు మీది గీత, ఫ్రేము మీది గీత ఒకదానికొకటి ఎదురుగా లేకపోతే, ఆ బోల్టు వదులైనట్టే.