వేసవి తాపము – పల్లెటూరి యిండ్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలో ఎండను గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. గ్రంథదాతల ప్రశంసయో, కవుల ప్రశంసయో ఇట్టి దినమునకు తగినదని తలచువారు కలరు. అయితే ఈ గ్రంథాలయపు బీరువాలలోనున్న ప్రబంధములలో ఋతువర్ణనము లేనిది అరుదు. చదువరి గ్రీష్మవర్ణనమును ఆనందముతో చదివి, పుస్తకము మూసి, ఇంటికి పోయి రేకుల కప్పు క్రింద తెల్లవార్లు దొర్లుచుండును. కావ్యములోని వేసవికిని రేకుల క్రింది వేసవికిని నడుమనున్న దూరమును కొంతయైన తగ్గింప వీలగునా యనునదే నేటి విషయము.

కాళిదాసుని ఋతుసంహారము గ్రీష్మముతోనే మొదలగును. చందనము, సన్నని వలువలు, నీటి యంత్రములు గల మందిరములు, వెన్నెల రాత్రులు – తాపమును పోగొట్టుటకు అందు కనబడు సాధనములివి. ఇవి భాగ్యవంతుల సాధనములు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వేఱొక త్రోవ చూపెను. అందు విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువు ననుసరించి భోజనము పెట్టును. వేసవిలో ఆ విస్తరియొద్ద పలుచని అంబలి, చెఱకురసము, లేత కొబ్బరినీరు, నీరుమజ్జిగ కనబడును. సామ్రాజ్యము నేలిన రాజు తన కావ్యమున అంబలిని మఱవలేదు! అంతకు చాల పూర్వపుదైన హాలుని గాథాసప్తశతిలో చలివేంద్రము కలదు. నీరు పోయు పడుచు కలదు. దోసిలి యొగ్గిన బాటసారి కలడు. దారిప్రక్క కుండ పెట్టి దప్పిగొన్నవానికి నీరు పోయుట ఈ దేశమున ఎంత పాత ఆచారమో దీనివలన తెలియును.

చరకసంహితలోని ఋతుచర్య ఇంకను స్పష్టముగా చెప్పినది. గ్రీష్మమున తీయనివి, చల్లనివి, ద్రవరూపమైనవి సేవింపవలెను, ఉప్పు, పులుపు, కారము తగ్గింపవలెను, కాయకష్టము మానవలెను, పగలు చల్లని గదిలోను, రాత్రి వెన్నెలకు చల్లబడిన మేడపైనను శయనింపవలెను. సాధారణముగా నిషిద్ధమైన పగటి నిద్రకు ఈ ఋతువున అనుమతి కలదు. అంతయు బాగుగనే యున్నది. కాని మిరపకాయలు కోయు కూలిది, చెఱువులో పూడిక తీయువాడు కాయకష్టము మానుటెట్లు? వారి చొక్కాలపై తెల్లగా ఎండిపోవునది ఒంటిలోని ఉప్పే. అట్టివారికి ఉప్పు తగ్గింపుమని చెప్పుట అపాయకరము; మజ్జిగలో ఉప్పు వేసి యియ్యవలెను. శాస్త్రము తప్పనుట కాదు. ఏ మాట యెవ్వరి నుద్దేశించి చెప్పబడినదో చూడక అనుసరించుట తప్పు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని సామెత. రోళ్ల మాట అటుండనిండు; ప్రాణములు పోవుచున్నవి. 2003వ సంవత్సరపు వేసవిలో ఆంధ్రప్రదేశమున వడదెబ్బవలన వేయిమందికి పైగా మరణించిరి. 2015లో ఒక్క ఆంధ్రప్రదేశముననే మరల వేయికి పైబడెను. తెలంగాణములో వందల సంఖ్యలో పోయిరి. ఇవి ప్రభుత్వపు లెక్కకెక్కినవి మాత్రమే. మధ్యాహ్నము పొలమునుండి వచ్చి అరుగుపై పడుకొని లేవని ముసలివాని మరణము చిట్టాలో గుండెపోటనియో జ్వరమనియో వ్రాయబడుట కద్దు. ఉప్పెన వచ్చినచో ఊరంతయు వినును. ఎండ చప్పుడు లేకుండ ఒక్కొక్క గడపకు వచ్చి పోవును.

మైదాన ప్రాంతములలో వేడిమి 40 డిగ్రీలు చేరి, ఆ కాలమునకు సహజమైనదానికంటె 4.5 డిగ్రీలు మించినచో వాతావరణ శాఖవారు దానిని వడగాడ్పు అందురు. 45 డిగ్రీలైనచో సహజమెంతయను విచారణ లేకయే వడగాడ్పు. 47 అయినచో తీవ్రమైన వడగాడ్పు. ఈ అంకెలన్నియు నీడను గాలి వేడిమిని కొలిచి చెప్పునవి. రేకుల యింటి లోపలి వేడిమి ఆ లెక్కలో చేరదు.

ఇంటి వేడిమిని జమాఖర్చువలె చూచుట సులభము. పగలు కప్పునకును గోడలకును సూర్యుడు వేడిమిని జమ కట్టును. రాత్రి ఆ జమను ఖర్చు వ్రాయవలెను. ఖర్చు కాక మిగిలినది మఱునాటికి నిలవగా పోవును. ఇట్లు మూడు నాలుగు దినములు నిలవ పెరిగినచో ఇల్లు ఆవమగును. దేహము సంగతియు నింతియే. పగలు అలసిన గుండె రాత్రి చల్లదనమున తేరుకొనును. రాత్రియు చల్లబడనిచో ముసలివారు, పసిపిల్లలు, గర్భిణులు, రోగులు మూడవ నాటికి కూలుదురు. కావున మధ్యాహ్నపు ఎండను మాత్రమే తిట్టుట చాలదు. రాత్రి యిల్లు ఎందుకు చల్లబడుట లేదో విచారింపవలెను.

మందమైన మట్టిగోడ పగటి వేడిమిని తనలో నిలుపుకొని మెల్లమెల్లగా గాని లోపలికి విడువదు. తాటాకు కప్పు వేడిమిని నిలువజేయదు. మండువా లోగిలిలో వేడిగాలి పైకి లేచిపోవుటకు త్రోవ కలదు. రాయలసీమ, తెలంగాణములలోని మట్టిమిద్దెలు, వీధి యరుగులు, పడమటి వసారాలు ఊరక యేర్పడినవి కావు. అయినను పాత యిండ్లన్నియు సుఖప్రదములని పొగడుట సత్యముగాదు. ఒక్క నిప్పురవ్వతో వాడంతయు కాలిపోవుటయు, ఏటేట ఆకు మార్చుటయు, కప్పులో పాములు చేరుటయు ఎఱిగినవారు స్లాబు వేసికొనిరి, వేసికొనుట న్యాయమే. స్లాబు తీసివేయుమని చెప్పువాడు తాటాకుటింట నాలుగు వానకాలములు కాపురముండి చెప్పవలెను. చేయవలసినది, ఉన్న స్లాబునకు, ఉన్న రేకులకు ఉపాయము వెదకుట.

నాలుగైదు అంగుళముల స్లాబు మధ్యాహ్నము గ్రహించిన వేడిమిని సాయంకాలమునుండి గదిలోనికి క్రుమ్మరించును. పొద్దు క్రుంకిన తరువాత లోపల కూర్చుండలేకపోవుటకు కారణమిది. దీనికి అన్నిటికంటె చౌకయైన మందు తెల్లసున్నము. మంచి రాతిసున్నమును తడిపి, వడకట్టి, పట్టు నిలుచుటకు కొంత జిగురు కలిపి, భరణి కార్తెకు ముందే స్లాబుపై రెండు మూడు పూతలు వేయవలెను. తెలుపు ఎండలో అధికభాగమును త్రిప్పికొట్టును. ఇంటి లోపల రెండు మొదలు నాలుగైదు డిగ్రీల వరకు తగ్గుట సాధారణము. ఇది పల్లెటూరి చాదస్తమనుకొనరాదు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పులను గూర్చి ప్రత్యేకముగా ఒక విధానమునే ప్రకటించినది. సున్నపు పూత వానకు పోవును, ఏటేట వేయవలెను. ఉగాదికి గోడలకు వేయు సున్నములో రెండు బకెట్లు కప్పునకు మిగుల్చుకొనుట పెద్ద పని కాదు.

రేకుల సంగతి కష్టతరము. రేకు ఎండ తగిలిన వెంటనే కాలును. దానిపై సున్నముతోపాటు జానెడెత్తున పందిరి వేసి కొబ్బరిమట్టలు పరచినచో ఎండ రేకును తాకదు. నడుమ గాలి ఆడును. ఆనప, గుమ్మడి తీగలను ముందుగా పెంచి ప్రాకించినచో నీడయు కాయయు దక్కును. ఎండుగడ్డి పరచరాదు, అగ్నిభయము కలదు. లోపల రేకు క్రింద వెదురు తడిక కట్టినచో తలపై మంట తగ్గును. పడమటి గోడకు వేపయో కానుగయో నాటుట ఐదారేండ్ల పని యగుటచేత ఎవ్వరును తలపెట్టరు. ఈ రజతోత్సవమునాడు నాటినచో తరువాతి యుత్సవమునకు మ్రానుగా నిలుచును గదా!

కిటికీల విషయమున జనులు తలక్రిందుగా వర్తింతురు. ఉదయము తొమ్మిది దాటిన పిమ్మట బయటి గాలి లోపలి గాలికంటె వేడి. అప్పుడు తలుపులు బార్లా తెఱతురు. రాత్రి చల్లగాలి వీచు వేళ దొంగల భయముతో బిగింతురు. పగలు మూసి తెరలు దింపి, రాత్రి ఎదురెదురు కిటికీలు తెఱచుటయే క్రమము. ఊచలు, దోమల జాలి ఉన్నచో దొంగల భయమును దోమల బాధయు తీరును. వంట తెల్లవారుజామున ముగించుట, ఉడుకు పొయ్యిని పెరటిలో పెట్టుట ఇల్లాండ్రకు తెలిసిన విషయమే. ఇంటనున్న మగవారు ఎండవేళ కాఫీ అడుగకుండుట వారు తెలిసికొనవలసిన విషయము.

వట్టివేళ్ల తడికలు, తడి గోనెపట్టాలు, కూజాలు, కూలర్లు – వీనియన్నిటి రహస్యమొక్కటే. నీరు ఆవిరియగుటకు వేడిమి కావలెను. ప్రక్కనున్న దానినుండి అది లాగికొనును. లీటరు నీరు ఆవిరియగుచు సుమారు 580 కిలోకేలరీల వేడిమిని గొనిపోవును. చెమటయు నింతియే. కుండ రంధ్రములు పూడినచో నీరు చల్లబడదు గావున ఏటేట క్రొత్త కుండ కొనుట దుబారా కాదు. అయితే ఈ సాధనములు పొడిగాలికి చెల్లును. రెంటచింతలలోను రామగుండములోను వట్టివేళ్ల తడిక అమృతము. సముద్రతీరపు ఉక్కపోతలో, మచిలీపట్టణములో, దానివలన తేమ పెరుగునే గాని తాపము తీరదు. అచట గాలి పారుటయే మందు. కూలరు పెట్టినవారును ఒక కిటికీ తెఱచియే యుంచవలెను. మూసిన గదిలో అది ఉక్కపోతయంత్రమగును. ఫంకాకును హద్దు కలదు. గాలి 40 డిగ్రీలు మించినప్పుడు అది దేహమునకు కొలిమితిత్తియై వేడిని ఊదును. అప్పుడు ఒంటిని తడిపికొనవలెను.

దాహము వేయకమునుపే నీరు త్రాగవలెను. మజ్జిగ, రాగి యంబలి, నిమ్మనీరు, ముంజలు అందరికి తెలిసినవే. ఇవి దొరకనిచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో చిన్న చెంచాతో తలకొట్టి కొలిచిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగవలెను. మధుమేహము, రక్తపుపోటు గలవారు వైద్యుని అడిగి చేయుట మేలు. జేబులో ఉల్లిపాయ ఉంచుకొనినచో వడదెబ్బ తగలదని కొందరి నమ్మకము. ఉల్లిపాయ మజ్జిగన్నములో నున్నచోట ఉపకరించును. జేబులో నున్నచోట బరువు.

వడదెబ్బ తగిలినవాని మాట తడబడును, తెలివి తప్పును, ఒడలు నిప్పువలె కాలును. చెమట పట్టియు ఉండవచ్చును. వెంటనే 108కి కబురు చేయవలెను. వచ్చువరకు నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండ నీరు పోసి విసరవలెను. మెడకు, చంకలకు, గజ్జలకు తడిబట్టలు వేయవలెను. తెలివి లేనివాని నోట నీరు పోయరాదు. జ్వరపు మాత్ర దీనికి పనిచేయదు. పసరులకై పరుగెత్తి గడియ వృథా చేసినచో ఆ గడియ తిరిగిరాదు.

ఇక చివరి మాట ఈ భవనమును గూర్చినది. ఇది మూరెడు మందపు గోడల కట్టడము. తూర్పున వేప, పడమట వసారా కలవు. గ్రామమున ఇంతకంటె చల్లని చావడి లేదు. అయినను ఉదయము 11 గంటలకు తాళము పడి సాయంకాలము 4 గంటలకు తీయబడుచున్నది. అనగా ఎండ మండు ఐదు గంటలును ఖాళీగా నుండును. అదే వేళ రేకుల యిండ్లలో ఒంటరిగా నున్న ముసలివారు ఊపిరాడక కూర్చుందురు. భరణి ప్రవేశము మొదలు మృగశిర వచ్చువరకు, సుమారు నలువది దినములు, ఈ తలుపులు ఆ వేళ తెఱచియుంచుటకు అభ్యంతరమేమి? చదువురానివారు వచ్చి కూర్చుందురని ఒక ఆక్షేపణ వినవచ్చును. రానిండు, ఎవరైన చదివి వినిపింతురు. పుస్తకములు పోవునను భయమునకు బీరువాలకు తాళములు కలవు.

ఖర్చు స్వల్పము: నాలుగు కుండలు, రెండు చాపలు, ఫంకాల కరెంటు, వంతులవారీగా కూర్చుండుటకు దినమున కొక చందాదారుడు. ఒంటరిగా నున్న వృద్ధుల పేరులు వీధివారీగా వ్రాసికొని, వడగాడ్పు హెచ్చరిక వచ్చిన దినమున మధ్యాహ్నము ఒకమారు, రాత్రి ఒకమారు వారి గడప చూచి వచ్చుటకు యువజనులు ఒప్పుకొనవలెను. మధ్యాహ్నపు తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెనో కార్యనిర్వాహక వర్గమువారు ఫాల్గుణము ముగియులోపల నిర్ణయించినచో, ఉగాది సంతలోనే కుండలు కొని వసారాలో ఇసుక పోసి నిలుపవచ్చును.