గంట వినిపించిన దారి

పండుగనాడు మా వైపు సంగతి రెండు మాటలు చెప్పమన్నారు. మాది పాంచాలంకురిచ్చి. అక్కడినుంచి తిరుచెందూరు పోయి సముద్రస్నానం చేసి రావడం మాకు చిన్ననాటి వేడుక. కెరటాల ఒడ్డునే సుబ్రహ్మణ్యస్వామి గుడి. 17వ శతాబ్దంలో డచ్చివారు దానిని కొంతకాలం ఆక్రమించుకొన్నారు కూడాను. దగ్గరనే నాళిక్కిణరు అనే చిన్న బావి. ఎదుట ఉప్పుసముద్రం ఉన్నా ఇందులో నీరు ఉప్పన కాదు.

మా పాలెగాడు కట్టబొమ్మన ఈ స్వామికి భక్తుడు. ఇక్కడ పూజ అయినట్లు తెలిసేదాకా అక్కడ అన్నం ముట్టేవాడు కాదట! అందుకని దారి పొడవునా మండపాలు కట్టించి, ఒక గంట విని మరొక గంట కొట్టే ఏర్పాటు చేశాడంటారు. నిజమెంతో గాని, ఆ ఏర్పాటు నాకు మహా ఇష్టం.

మన గెట్టిబొమ్మే తమిళుల నోట కట్టబొమ్మన్ అయినాడు. ఇలవేల్పు జక్కమ్మ. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఆయనను ఉరితీశారు. 1801లో కోటను నేలమట్టం చేశారు. ఇప్పుడు మనం చూసేది 1974లో ప్రభుత్వం కట్టించిన స్మారకం.

కోట పోయినా ఇళ్లలో తెలుగు పోలేదు. మా అవ్వకు ఓనమాలు రావు. తిట్టినా దీవించినా తెలుగే. నా మనవడికి నా మాట అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. ఈ వేసవికి వాణ్ణి తిరుచెందూరు తీసుకుపోయి, అక్కడినుంచి మా ఊరికి ఊరూరా ఆగే బస్సులో పోదామనుకుంటున్నాను. దారిలో ఆ గంటల కథ తెలుగులోనే చెప్పాలి. మధ్యలో ఇంగ్లీషులో ప్రశ్న వేస్తే ఏంచేయాలో ఇంకా తేల్చుకోలేదు.