బ్రేక్ లైటు వెలగకపోతే బాధ్యత ఎవరిది?

విద్యార్థులారా! ముందు వెళ్లే బండి ఆగబోతున్నదని మనకు ఎలా తెలుస్తుంది? దాని వెనక ఎర్రటి బ్రేక్ లైటు వెలుగుతుంది కాబట్టి తెలుస్తుంది. ఆ లైటు వెలగకపోతే ఏమవుతుంది? ఒకే లోపం లక్షల బండ్లలో ఉంటే దాన్ని ఎవరు సరిచేయాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

కారులో బ్రేక్ పెడల్ దగ్గర ఒక చిన్న స్విచ్ ఉంటుంది. పెడల్ నొక్కగానే స్విచ్‌లోని లోహపు కొనలు కలిసి, విద్యుత్తు ప్రవహించి, లైటు వెలుగుతుంది. మోటారు సైకిలుకైతే సాధారణంగా చేతి బ్రేకుకు ఒక స్విచ్, కాలి బ్రేకుకు మరొక స్విచ్ ఉంటాయి.

ఇప్పుడు చిన్న లెక్క వేయండి. గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. లైటు వెలగనందువల్ల వెనకవారు ఒక్క సెకను ఆలస్యంగా గ్రహించినా, బ్రేకు వేసేలోగా వారి బండి మరో 20 మీటర్లు ముందుకు వచ్చేస్తుంది. పైగా నడిపేవారికి తమ బండి వెనక లైటు కనిపించదు. బ్రేకులు చక్కగా పడుతున్నంతకాలం వారికి అనుమానమే రాదు.

ఒక బండిలో స్విచ్ పాడైతే మెకానిక్ మార్చేస్తాడు. తయారీలోనే లోపం ఉంటే అదే రకం బండ్లన్నిటికీ ప్రమాదమే. అప్పుడు కంపెనీ ఆ బండ్లను పిలిపించి ఉచితంగా బాగుచేయాలి. దీన్నే రీకాల్ అంటారు.

2013లో అమెరికాలో హ్యుందాయ్, కియా కంపెనీలు బ్రేక్ లైటు స్విచ్ లోపం వల్ల 16 లక్షలకు పైగా వాహనాలను రీకాల్ చేశాయి. 2019లో జపాన్ కంపెనీ సుబారు ప్రపంచవ్యాప్తంగా సుమారు 23 లక్షల వాహనాలను పిలిపించింది. దీనికి కారణం వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. బట్టలను మెత్తబరిచే ద్రవాలు, సౌందర్య సాధనాలు, పాలిష్‌ల వంటి వాటి నుంచి సిలికోన్ ఆవిరి వెలువడుతుంది. అది స్విచ్‌లోకి చేరి, అక్కడి నిప్పురవ్వల వేడికి సిలికాన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఇసుకలో ప్రధానంగా ఉండే పదార్థం ఇదే. ఇది విద్యుత్తును ప్రవహించనివ్వదు. లోహపు కొనల మీద దీని పొర ఏర్పడితే పెడల్ నొక్కినా లైటు వెలగదు.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. 2023లో హోండా కంపెనీ తన సీబీ350 తరగతి మోటారు సైకిళ్లను వెనక బ్రేక్ లైటు స్విచ్ కోసం రీకాల్ చేసింది. స్విచ్‌కు ఉన్న రబ్బరు భాగం సరిగా తయారుకాకపోతే సందు ఏర్పడి, లోహపు కొనలు చిలుము పట్టవచ్చని గుర్తించారు.

2012లో సియామ్ అనే వాహన తయారీదారుల సంఘం రీకాల్‌కు స్వచ్ఛంద నియమావళిని తెచ్చింది. అయితే అది కంపెనీల ఇష్టం మీద ఆధారపడినది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఎ సెక్షన్ చేర్చారు. లోపం ప్రయాణికులకు గాని, రోడ్డు మీద ఇతరులకు గాని హాని చేసేదైతే, రీకాల్ చేయమని కేంద్ర ప్రభుత్వం ఆదేశించవచ్చు. సంబంధిత నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. ప్రభుత్వం ఆదేశించవలసి వస్తే వాహనం రకాన్ని, సంఖ్యను బట్టి 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా ఉంటుంది.

చట్టం ఉన్నా, యజమాని బండి తీసుకువెళ్లకపోతే లోపం అలాగే మిగిలిపోతుంది. మన దగ్గర ఎంతోమంది సెకండ్ హ్యాండ్ బండ్లు కొంటారు. కంపెనీ దగ్గర మొదటి యజమాని చిరునామా, ఫోన్ నంబరు మాత్రమే ఉంటే కబురు కొత్తవారికి అందదు. కాబట్టి మీ ఇంటి బండి ఛాసిస్ నంబరును ఆర్.సి. పుస్తకంలోనో కార్డులోనో చూసి, కంపెనీ సర్వీసు సెంటరులో చెప్పి, రీకాల్ ఏదైనా ఉందేమో అడగండి. ఉంటే ఆ మరమ్మతుకు డబ్బు తీసుకోరు.

ఈ సాయంత్రం మరొక పని చేయండి. ఇంట్లో ఒకరు బ్రేకు నొక్కితే మీరు వెనక నిలబడి చూడండి. మోటారు సైకిలైతే చేతి బ్రేకు, కాలి బ్రేకు విడివిడిగా నొక్కించండి. లైటు వెలగకపోతే బాగుచేయించే వరకు ఆ బండిని రోడ్డెక్కనీయవద్దని ఇంట్లో పెద్దలకు చెప్పండి.