ఉచిత యాప్‌లకు మనం చెల్లించే వెల

(సూరత్‌లోని భేస్తాన్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉధ్నా, సచిన్ స్టేషన్ల నడుమ ఉన్న ఈ భేస్తాన్ ప్రాంతంలో తెలుగు మాట వినబడడం కొత్త సంగతి కాదు. తెలంగాణ జిల్లాల నుండి మరమగ్గాల పనికి వచ్చిన నేత కుటుంబాలు తరాలుగా సూరత్‌లో నివసిస్తున్నవి. ఒకప్పుడు వారి క్షేమ సమాచారం కార్డు మీద, ఇంటి ఖర్చుల సొమ్ము మనీ ఆర్డరు మీద, ఆపద వార్త తంతి మీద ఊరు చేరేవి. ఆ రవాణా, ఆ బట్వాడా మన చేతుల మీదుగానే జరిగినవి. తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. నేడు పెండ్లి పిలుపు, మనుమడి ఫోటో, బతుకమ్మ పాట, సినిమా హాస్యం, చివరకు సంఘ సమావేశపు కబురు కూడా చేతిలోని ఫోనుకే వస్తున్నవి. ఇందుకు పైసా అడగడం లేదు.

ఈ సౌకర్యాన్ని నిందించడం మా ఉద్దేశం కాదు. రాత్రి డ్యూటీ దిగిన మనిషికి ఒక పాట, ఒక నవ్వు అవసరం. 1886లో చికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కొరకు పోరాడింది తీరిక కొరకు కూడా. ఆ తీరికను ఎవరు, ఏ షరతుల మీద వాడుకుంటున్నారన్నదే నేటి మన ప్రశ్న.

కార్డు వెల కార్డు మీదనే అచ్చయి ఉండేది. యాప్ వెల ఎక్కడా అచ్చు కాదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల యజమాని మెటా కంపెనీ 2023లో సుమారు 13,490 కోట్ల డాలర్ల రాబడి పొందినది. అందులో ప్రతి వంద డాలర్లకు 97కు పైగా వాణిజ్య ప్రకటనల ద్వారా వచ్చినవే. ప్రకటనదారు కొనేది మన దృష్టిని. మనం ఎంతసేపు తెర మీద కన్ను నిలిపితే అంత లాభం. చిన్న వీడియోల వరుసకు చివర లేకుండా చేసింది అందుకే. పాట ఐదు నిమిషాలలో ముగుస్తుంది. ఆ వరుస మాత్రం తెల్లవారినా ముగియదు. మరునాడు గేటు వద్దనో, ఇంజనులోనో, సార్టింగు బల్ల వద్దనో నిద్ర చాలక తూగేది మనమే.

రెండవ వెల సమాచారం. 1898 నాటి తపాలా చట్టం 53వ సెక్షను క్రింద, అక్రమంగా ఉత్తరం విప్పిన తపాలా ఉద్యోగికి రెండేళ్ళ వరకు ఖైదు విధించే వీలుండేది. 2024 జూన్‌లో 2023 నాటి కొత్త చట్టం దాని స్థానంలోకి వచ్చినది. కాని పరుల ఉత్తరం విప్పరాదన్న నీతి మన వృత్తి రక్తంలో ఉన్నది. వాట్సాప్‌లో 2016 నుండి సందేశం లోపలి మాట ఇతరులు చదవలేని విధంగా భద్రమైనది. ఇది మంచిదే. అయితే ఆర్.ఎం.ఎస్. మిత్రులకు ఒక సంగతి బాగా తెలుసు. కవరు విప్పకపోయినా, పైనున్న చిరునామా, తేదీ ముద్ర చూచి ఎవరు ఎవరికి ఎంత తరచుగా వ్రాస్తున్నారో గ్రహించవచ్చు. యాప్ యజమానికి అటువంటి వివరం కూడా విలువైన సరుకే.

మూడవ వెల అన్నిటికంటె గడ్డుది. అది మన జేబు నుండి కాక, పక్కవాని జేబు నుండి పోతుంది. ఫేస్‌బుక్ మీద వినోదం వలె కనిపించిన ఒక ప్రశ్నావళి యాప్ ద్వారా జనుల వివరాలు కేంబ్రిడ్జ్ అనలిటికా అనే సంస్థకు చేరిన ఉదంతం 2018లో బయటపడినది. ఫేస్‌బుక్ ఇచ్చిన లెక్క ప్రకారం భారతదేశంలో ఆ యాప్‌ను పెట్టుకున్నవారు 335 మంది. వివరాలు చేరి ఉండవచ్చునన్నది 5,62,455 మందివి. 335 మంది సరే అన్నారు. తక్కిన లక్షల మందిని అడిగినవారు లేరు. ఇక తెలంగాణలో 2020 చివరలో వెలుగు చూచిన అప్పుల యాప్‌ల దౌష్ట్యం మీకు గుర్తుండే ఉంటుంది. అప్పు తీసుకున్నవారి ఫోనులోని నంబర్లన్నీ లాగి, బంధువులకు, తోటి ఉద్యోగులకు ఫోన్లు చేసి పరువు తీశారు. ప్రాణాలు పోయినవి. అప్పుల యాప్‌లు ఫోనులోని నంబర్ల జాబితాను ముట్టరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించినది. వినోదపు యాప్ అడిగే నంబర్ల జాబితా కూడా అదే జాబితా అని మరువరాదు.

కనుక ఏ యాప్‌నైనా పెట్టుకొనే ముందు నాలుగు ప్రశ్నలు వేయాలని కోరుతున్నాము.

ఒకటి: యజమాని ఎవరు, రాబడి ఎక్కడిది? స్వదేశీ అయినంత మాత్రాన పరీక్ష తప్పదు. 2015లో బెంగళూరులో పుట్టి తెలుగులోనూ నడుస్తున్న షేర్‌చాట్‌ను కూడా ఇదే ప్రశ్న అడగాలి.

రెండు: అడిగే అనుమతికీ చేసే పనికీ పొత్తు ఉన్నదా? పాటలు వినిపించే యాప్‌కు మన నంబర్ల జాబితా ఎందుకు? హాస్యపు వీడియోలు చూపడానికి మనం ఉన్న చోటు ఎందుకు? అక్కరలేని అనుమతిని నిరాకరించండి. ఇదివరకే ఇచ్చి ఉంటే ఫోను సెట్టింగ్స్‌లోకి పోయి తీసివేయండి. నిరాకరించినందుకు యాప్ పని చేయనంటే దాని ఉద్దేశం తేలినట్లే.

మూడు: విడిచిపెట్టడం సులభమా? యాప్‌ను ఫోను నుండి తీసివేసినంతనే ఖాతా రద్దు కాదు. ఖాతాను తొలగించే మార్గం స్పష్టంగా ఉన్నదా చూడాలి.

నాలుగు: రేపు అది మూతపడితే మన గతి ఏమి? 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్, షేరిట్ సహా 59 యాప్‌లను నిషేధించినది. టిక్‌టాక్‌లో పేరు తెచ్చుకున్న తెలుగు కళాకారులెందరో రోజుల వ్యవధిలో తమ వీక్షకులను కోల్పోయారు. సంఘ సభ్యుల జాబితా, చందా లెక్కలు, తీర్మానాలు పరుల గిడ్డంగిలో మాత్రమే ఉంచడం క్షేమం కాదు. పుస్తకంలోనూ ఉండాలి.

ఒక్క సర్క్యులరు వస్తే దానిలోని ప్రతి మాటను తూచి, అన్యాయముంటే యాజమాన్యాన్ని నిలదీసే మనం, ఫోనులో పేజీల కొద్దీ షరతులకు చదవకుండానే బొటనవ్రేలు వేస్తున్నాము. చదువుదామంటే అవి తరచుగా ఇంగ్లీషులో ఉంటున్నవి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో చదువుకొనే అవకాశం ఇవ్వాలి. తెలుగు అందులో ఉన్నది. గుజరాత్‌లో పనిచేసే తెలుగువానికి కూడా ఆ హక్కు వర్తిస్తుంది. 2025 నవంబరులో వెలువడిన నియమాలు ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చినవి. గడువు తీరిన నాడు అడిగేవారు లేకపోతే హక్కు కాగితం మీదనే మిగులుతుంది.

ఒకరి అనుమతితో పదిమంది వివరాలు పోతున్నప్పుడు దీనిని ఎవరి ఇష్టం వారిదని విడిచిపెట్టలేము. ప్రతి శాఖ సమావేశంలో అరగంట దీనికి కేటాయించండి. ఫోనులు బల్ల మీద పెట్టి, ఏ యాప్‌కు ఏ అనుమతి ఇచ్చామో ఒకరికొకరు చూపించుకోండి. తెలిసినవారు తెలియనివారికి నేర్పండి. ఇంటిలోని స్త్రీలను, పిల్లలను కూడా కూర్చోబెట్టండి. ఫోను వారి చేతిలోనూ ఉన్నది. పాట వినండి, నవ్వండి, ఊరి కబురు పంచుకోండి. తోటివాని నంబరును మాత్రం అతనిని అడగకుండా ఎవరికీ అప్పగించకండి.