పరిచయపత్రము - మడత

కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకము చేయు ఒక చిన్న సంఘమువారు తమ వస్త్రములను గూర్చి పరిచయపత్రము అచ్చు వేయింపదలచినారనుకొనుడు. వారి చేతనున్న సొమ్ము స్వల్పము. పత్రమును విప్పకనే పారవేసినచో ఆ సొమ్ము వ్యర్థము. అయినను మడత సంగతి ముద్రాలయమువారికే విడిచిపెట్టుట మన అలవాటు. చదువరి ఏది ముందు చూచునో, ఏది వెనుక చూచునో నిర్ణయించునది మడతయే.

ఒక్క మడతకు నాలుగు పుటలు వచ్చును. రెండు మూడు రకముల వస్త్రములకు, వాని వెలలకు అది చాలును. రెండు మడతలకు ఆరు పుటలు. ఒక రెక్క లోపలికి ముడుచుకొనునట్లయిన, విప్పుకొలది విషయము బయటపడును. అయితే ఆ రెక్క కొంచెము కురుచగా నుండవలెను. 297 మిల్లీమీటర్ల ఏ4 కాగితమును 100, 100, 97గా విభజింపవచ్చును. మూడును సమానమైనచో లోపలి అంచు ఉబ్బును.

కరక్కాయ రసమున తడుపుట, అచ్చు అద్దుట, ఉడికించుట మొదలగు పనులను వరుసగా చూపవలెనన్న విసనకర్ర మడత మేలు. అందు భాగములన్నియు సమానమే. తలుపు రెక్కలవలె తెరుచుకొను మడత ఒక్క పెద్ద చిత్రమునకు శోభనిచ్చును గాని ఖర్చు హెచ్చు. దళసరి కాగితమైనచో ముందుగా గీత నొక్కింపవలెను. లేనిచో మడత వద్ద రంగు పగులును.

నేనొకప్పుడు ఒక సభకై వేయించిన ఆహ్వానపత్రములలో వేళయు, చోటును లోపలి రెక్కలో దాగిపోయినవి. వచ్చినవారు కొందరే. దోషము నాదే.

కావున ముందు తెల్లకాగితమును మడిచి, విషయము వ్రాసి, ఏమియు నెరుగని యొకరి చేతికిచ్చి చూడుడు. అచ్చుపడిన వేయి పత్రములను మార్చలేము. తెల్లకాగితమును ఎన్నిసార్లయినను మడువవచ్చును.