చుట్టాలొచ్చారు, వంటేమిటి?



కృష్ణా జిల్లా కూచిపూడి నాట్యానికి పుట్టినిల్లు. నాట్యం చూడటానికి వచ్చిన చుట్టాలు పొద్దుగూకాక ఇంటికొస్తారు. కంగారు పడొద్దు.

ఒక పొయ్యి మీద అన్నానికి ఎసరు పెట్టండి. రెండో పొయ్యి మీద 1 గ్లాసు పెసరపప్పు, 3 గ్లాసుల నీళ్లు పెట్టండి. కందిపప్పు కన్నా ఇది త్వరగా ఉడుకుతుంది. వంటచెరకు మిగులుతుంది. పప్పు మెత్తబడ్డాక తోటకూర, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు వేయండి. కూర ఉడికాక దించి, తాలింపు పెట్టి, నిమ్మకాయ పిండండి. పక్కన ఆవకాయ, మజ్జిగ ఉంటే చాలు.

చాలా ఇళ్లల్లో ఇల్లాలు అందరికన్నా చివర తింటుంది. చుట్టాలొచ్చిన రాత్రి ఆమెకు అడుగు మెతుకులే మిగులుతాయి. తోటకూరలో ఇనుము ఉంది. నిమ్మరసంతో అది ఒంటికి బాగా పడుతుంది. రక్తం పట్టాలంటే ఆమె కూడా కడుపునిండా తినాలి.

బియ్యం కొలిచేటప్పుడు మీ వంతు కూడా కొలవండి. అందరితో కూర్చుని తినండి.